హంగ్ సభలో అసలు ఆట: ముందు పిలుపు ఎవరికి, గడువు ఎన్నాళ్లు

2018 మే 15న కర్ణాటకలో ఓట్ల లెక్కింపు ముగిసేసరికి బీజేపీకి 104, కాంగ్రెస్‌కు 78, జేడీఎస్‌కు 37 సీట్లు వచ్చాయి. జేడీఎస్‌తో ముందే పొత్తు పెట్టుకున్న బీఎస్పీకి ఒకటి, కేపీజేపీ అనే చిన్న పార్టీకి ఒకటి, ఇండిపెండెంటుకు ఒకటి దక్కాయి. సభలో మొత్తం 224 సీట్లున్నా పోలింగ్ జరిగింది 222 చోట్లే. జయనగరలో అభ్యర్థి చనిపోవడంతోనూ, రాజరాజేశ్వరినగరలో ఓటరు కార్డులు గుట్టగా బయటపడడంతోనూ ఎన్నిక వాయిదా పడింది. 222లో సగం దాటాలంటే 112 కావాలి. అయితే జేడీఎస్ నాయకుడు కుమారస్వామి రామనగర, చెన్నపట్న రెండు చోట్లా గెలిచారు. సీట్లు రెండైనా మనిషి ఒక్కరే, ఓటూ ఒక్కటే. కాబట్టి సభలో కూర్చునేది 221 మంది, గెలుపు గీత 111. బీజేపీకి ఏడుగురు తక్కువ. కాంగ్రెస్ 78, జేడీఎస్ 36, బీఎస్పీ 1 కలిపితే 115. మిగిలిన ఇద్దరూ వస్తే 117.

ఈ లెక్క ఆ సాయంత్రానికే బెంగళూరులో అందరి నోళ్లలోనూ ఉంది. అయినా ప్రభుత్వం ఎవరిదో సభలో తేలడానికి పది రోజులు పట్టింది. ఈలోపు ఒక ముఖ్యమంత్రి ప్రమాణం చేసి రెండున్నర రోజుల్లో దిగిపోయారు, సుప్రీంకోర్టు అర్ధరాత్రి దాటాక విచారణ జరిపింది, ఎమ్మెల్యేలు బస్సుల్లో హైదరాబాద్ వచ్చి వెళ్లారు. ఇంత జరిగినా అంకెలు మాత్రం మారలేదు. గొడవంతా రెండు విషయాల మీదే నడిచింది: గవర్నరు ముందు ఎవరిని పిలిచారు, బలం చూపడానికి ఎన్ని రోజులు ఇచ్చారు. మన దేశంలో ఎవరికీ మెజారిటీ రాని ఏ హంగ్ తీర్పును తీసుకున్నా కథ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

పిలుపు ఎవరికి?

రాజ్యాంగం 164వ అధికరణం చెప్పేది చాలా కొంచెం. ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారు, మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా జవాబుదారీ. ఎవరికీ మెజారిటీ రాకపోతే ఎవరిని పిలవాలో అందులో లేదు. ఆ ఖాళీని సంప్రదాయాలు, కమిషన్ల సిఫార్సులు, కోర్టు తీర్పులు కొంత కొంతగా పూడ్చాయి.

కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై 1988లో నివేదిక ఇచ్చిన సర్కారియా కమిషన్ ఒక వరుస చెప్పింది. మొదటి పిలుపు ఎన్నికలకు ముందే ఏర్పడిన కూటమికి. రెండోది, ఇతరుల మద్దతుతో, ఇండిపెండెంట్లను కలుపుకుని ముందుకొచ్చే అతిపెద్ద పార్టీకి. మూడోది, ఫలితాల తర్వాత జతకట్టి అందరూ మంత్రివర్గంలో చేరే కూటమికి. చివరిది, కొందరు మంత్రివర్గంలో చేరి మిగతావారు బయటి నుంచి మద్దతిచ్చే కూటమికి. 2010లో పూంఛీ కమిషన్ కూడా దాదాపు ఇదే దారి పట్టింది. ఈ వరుసలో రెండో మెట్టు దగ్గరే తగవులు పుడతాయి. ‘ఇతరుల మద్దతుతో’ అన్న మాటను వదిలేస్తే అతిపెద్ద పార్టీకి పిలుపు హక్కుగా కనిపిస్తుంది. ఆ మాటను పట్టుకుంటే, మద్దతు ఎక్కడుందో చూపించాల్సిన బాధ్యత ఆ పార్టీ మీద పడుతుంది.

కర్ణాటకకు ఏడాది ముందు, 2017లో గోవాలో 40 సీట్లకు కాంగ్రెస్‌కు 17, బీజేపీకి 13 వచ్చాయి. ఎంజీపీ, గోవా ఫార్వర్డ్, ఇండిపెండెంట్ల లేఖలతో బీజేపీ నేత మనోహర్ పరీకర్ రాజ్‌భవన్‌కు ముందుగా చేరుకున్నారు. గవర్నరు ఆయన్నే పిలిచారు. అతిపెద్ద పార్టీని పక్కన పెట్టారని కాంగ్రెస్ సుప్రీంకోర్టుకు వెళితే, మీకు మద్దతిచ్చే వాళ్ల పేర్లు గవర్నరుకు ఇచ్చారా అన్న ప్రశ్నే అక్కడ ఎదురైంది. మార్చి 16న పరీకర్ 22–16తో నెగ్గారు. ఏడాది తిరిగేసరికి పాత్రలు తారుమారయ్యాయి. ఫలితాల తర్వాత కట్టిన కూటమి చేతిలో లేఖలున్నా కర్ణాటక గవర్నరు వజూభాయి వాలా అతిపెద్ద పార్టీ అంటూ బీజేపీ నేత యడ్యూరప్పను పిలిచారు. గోవాలో అతిపెద్ద పార్టీ సూత్రాన్ని పట్టుకున్నవారు బెంగళూరులో కూటమి సూత్రం చెప్పారు, అవతలివారు దానికి తిరగేసి చెప్పారు. సూత్రాన్ని బట్టి పక్షం తీసుకున్నవారు ఆ రెండేళ్లలో రాజకీయాల్లో ఎవరూ కనబడరు.

ఈ తగవుకు తెలుగువాళ్లతో పాత బంధుత్వమే ఉంది. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 375 సీట్లకు కాంగ్రెస్‌కు దక్కినవి 152. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ తదితరులు ఐక్య ప్రజాస్వామ్య ఫ్రంటుగా ఏర్పడి, టంగుటూరి ప్రకాశం నాయకత్వంలో తమకు 166 మంది ఉన్నారని చెప్పారు. గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది మాత్రం కాంగ్రెస్ నేత రాజాజీని. ఆయన ఆ ఎన్నికల్లో పోటీయే చేయలేదు. ముందు శాసనమండలికి నామినేట్ చేసి, ఏప్రిల్ 10న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. ఫలితాల రోజున లేని మెజారిటీ జులై 3న సభలో 200–151గా ప్రత్యక్షమైంది. కుర్చీలో కూర్చున్నాక దొరికిన మూడు నెలల్లో కామన్‌వీల్ పార్టీ నాయకుడు మంత్రి అయ్యారు, చిన్న పక్షాలు ఒక్కొక్కటే ఇటు జరిగాయి. ముందు పిలుపు అందితే, దానికి తోడు గడువూ దొరికితే 152 ఎలా 200 అవుతుందో ఆంధ్ర నాయకులు అప్పుడే కళ్లారా చూశారు. ప్రకాశం 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. అక్కడా సొంత బలం లేని ఏర్పాటే. మద్యనిషేధం మీద మొదలైన వివాదంలో 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది.

ఢిల్లీలో ఈ విషయాన్ని కాస్త పద్ధతిగా నడిపినవారు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్. 1996లో 161 సీట్లతో అతిపెద్ద పార్టీ అయిన బీజేపీని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ పిలిస్తే, వాజపేయి ప్రభుత్వం 13 రోజుల్లో ఓటింగ్ లేకుండానే తప్పుకుంది. 1998లో బీజేపీకి 182 వచ్చినా నారాయణన్ వెంటనే పిలవలేదు. మద్దతు లేఖలు తెమ్మన్నారు, వచ్చినవాటిని లెక్క చూసుకున్నారు. 12 మంది ఎంపీలున్న తెలుగుదేశం తటస్థంగా ఉంటుందని తెలిశాకే లెక్క కుదిరిందనుకున్నారు. ఆ పన్నెండు మంది ఓటు వేయకపోతే సభలో ఓట్లేసేవారి సంఖ్య తగ్గి, గెలుపు గీత ఆరు మెట్లు కిందికి దిగుతుంది. తటస్థత కూడా మద్దతే అనడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు. చివరికి మార్చి 28న తెలుగుదేశం అనుకూలంగానే ఓటేసింది, 274–261తో ప్రభుత్వం నెగ్గింది. అంతకు నాలుగు రోజుల ముందే అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు.

కాగితం మీద ఏముండాలి

గవర్నరు దగ్గరికి వెళ్లేవారు ఉట్టి చేతులతో వెళ్లకూడదు. ఒక పార్టీ శాసనసభా పక్షం సమావేశమై నాయకుణ్ని ఎన్నుకున్నట్టు తీర్మానం, గెలిచిన సభ్యుల పేర్లు, నియోజకవర్గాలు, ఎవరి సంతకం వారిది, తేదీ ఉండాలి. మద్దతిచ్చే ప్రతి పార్టీ నుంచి వేరుగా లేఖ కావాలి. అందులో ఎవరి నాయకత్వానికి మద్దతిస్తున్నారో పేరు పెట్టి రాయాలి. ‘లౌకిక ప్రభుత్వానికి మద్దతు’, ‘సుస్థిర ప్రభుత్వానికి మద్దతు’ లాంటి గాలి మాటలు పనికిరావు. పార్టీ అధ్యక్షుడి లేఖ ఒక్కటే ఉండి ఎమ్మెల్యేల సంతకాలు లేకపోతే, పక్షం మొత్తం వెంట ఉందా అన్న అనుమానం మిగిలిపోతుంది. సంతకాలుండి పార్టీ లేఖ లేకపోతే, అది ఫిరాయింపులా కనిపిస్తుంది.

కాగితం విలువ 2019లో మహారాష్ట్ర రెండు వైపుల నుంచీ చూపింది. 288 సీట్లలో బీజేపీకి 105, శివసేనకు 56, ఎన్సీపీకి 54, కాంగ్రెస్‌కు 44. ఎన్నికల ముందు కలిసి పోటీ చేసిన బీజేపీ, శివసేనలకు స్పష్టమైన మెజారిటీ ఉన్నా ముఖ్యమంత్రి పదవి దగ్గర తెగిపోయాయి. నవంబరు 11న శివసేన రాజ్‌భవన్‌కు వెళ్లినప్పుడు కాంగ్రెస్, ఎన్సీపీల లేఖలు చేతికి అందలేదు. మూడు రోజులు అడిగితే గవర్నరు కోశ్యారీ ఇవ్వలేదు. మర్నాడు రాష్ట్రపతి పాలన వచ్చింది. పది రోజులు గడిచాక కథ అడ్డం తిరిగింది. ఎన్సీపీ శాసనసభా పక్ష నేత హోదాలో ఉన్న అజిత్ పవార్, 54 మంది సంతకాలతో ఉన్న పత్రం ఇచ్చారు. నవంబరు 23 తెల్లవారుజామున 5.47కు రాష్ట్రపతి పాలన ఎత్తేశారు, ఎనిమిది గంటల వేళకు బీజేపీ నేత ఫడ్నవీస్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ సంతకాలు మరో పనికోసం తీసుకున్నవని ఎన్సీపీ వాదించింది. అందుకే అనుభవజ్ఞులైన పార్టీ ఆఫీసు కార్యదర్శులు సంతకాలు తీసుకునేటప్పుడు ప్రతి పేజీ పైనా విషయం రాస్తారు. తెల్లకాగితం మీద వరుసగా తీసుకున్న సంతకాలు ఎవరి జేబులోకి వెళితే వారి మద్దతు అవుతాయి.

గడువు

యడ్యూరప్పకు బలం చూపడానికి గవర్నరు ఇచ్చింది 15 రోజులు. మే 16 అర్ధరాత్రి దాటాక కాంగ్రెస్, జేడీఎస్ సుప్రీంకోర్టు తలుపు తట్టాయి. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తెల్లవారేదాకా విన్నది. ప్రమాణాన్ని ఆపలేదు కానీ గవర్నరుకు యడ్యూరప్ప ఇచ్చిన లేఖలు తెమ్మంది. 17న ఉదయం ఆయన ప్రమాణం చేశారు. 18న కోర్టు ఆ పదిహేను రోజులను ఒక రోజుకు కుదించింది. 19 సాయంత్రం నాలుగు గంటలకు బలపరీక్ష, అప్పటిదాకా విధాన నిర్ణయాలు వద్దు, ఆంగ్లో ఇండియన్ సభ్యుణ్ని నామినేట్ చేయొద్దు అని ఆదేశించింది. ఈ చివరి షరతు చిన్నగా కనిపిస్తుంది. కానీ ఏడుగురు తక్కువైన చోట ఊడిపడే ఒక్క ఓటుకూ విలువుంటుంది. ఆంగ్లో ఇండియన్ నామినేషన్ పద్ధతి 2020 జనవరిలో పోయింది, ఇక ఆ చిక్కు లేదు.

పదిహేను రోజుల గడువు ఎందుకు ప్రమాదం? ఆ రోజుల్లో ముఖ్యమంత్రి కుర్చీ ఒక పక్షం చేతిలో ఉంటుంది. పోలీసులు, బదిలీలు, మంత్రి పదవుల వాగ్దానం అన్నీ అటువైపే. అవతలి పక్షానికి మిగిలేది మనుషుల్ని కాపాడుకోవడమే. దాన్నే మనం క్యాంపు రాజకీయం అంటాం. బిడది దగ్గరి రిసార్టులో ఉన్న ఎమ్మెల్యేలను పోలీసు బందోబస్తు తొలగించగానే రాత్రికి రాత్రి బస్సులెక్కించి హైదరాబాద్ తరలించారు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గవర్నరు రామ్‌లాల్ బర్తరఫ్ చేసినప్పుడు తెలుగుదేశం ఎమ్మెల్యేలు దాక్కుంది రామకృష్ణ హెగ్డే ఏలుతున్న కర్ణాటకలో, బెంగళూరు, నంది కొండల దగ్గర. ముప్పై నాలుగేళ్లకు అదే దారిలో బస్సులు ఎదురు దిశలో వచ్చాయి. క్యాంపుకు పొరుగు రాష్ట్రాన్ని ఎంచుకోవడానికి కారణం సుఖవాసం కాదు, అక్కడి పోలీసులు ఎవరి మాట వింటారన్నదే.

క్యాంపు అంటే ఎమ్మెల్యేల ఆత్మగౌరవానికి అవమానమని అనేవారున్నారు. నిజమే. కానీ గడువు 24 గంటలైతే క్యాంపు అవసరమే పడదు. గడువును పొడిగించినవారే క్యాంపును విమర్శించడం మాత్రం వినసొంపుగా ఉండదు.

సభలో లెక్క

ఎన్నికల సంఘం గెలిచినవారి పేర్లు నోటిఫై చేయగానే, ప్రజాప్రాతినిధ్య చట్టం 73వ సెక్షను ప్రకారం కొత్త సభ ఏర్పడినట్టే. స్పీకరు ఎన్నికయ్యేదాకా నడపడానికి 180వ అధికరణం కింద గవర్నరు తాత్కాలిక (ప్రొటెం) స్పీకర్‌ను నియమిస్తారు. ఎక్కువసార్లు గెలిచిన సభ్యుణ్ని పెట్టడం ఆనవాయితీ. కర్ణాటకలో కాంగ్రెస్ సభ్యుడు ఆర్.వి. దేశ్‌పాండే సీనియరైనా బీజేపీకి చెందిన కె.జి. బోపయ్యను పెట్టారు. కోర్టు దాన్ని మార్చలేదు, దానికి బదులు కార్యక్రమమంతా ప్రత్యక్ష ప్రసారం చేయాలని చెప్పింది. ఆచరణలో కెమెరాయే మేలైన కాపలా అయింది.

బలపరీక్షలో మొత్తం సభ్యుల్లో సగం అక్కర్లేదు. 189వ అధికరణం కింద, హాజరై ఓటేసినవారిలో ఎక్కువమంది చాలు. అందుకే ఆట ఎదుటివారిని ఇటు తేవడం కన్నా వారిని రాకుండా చేయడం మీదికి పోతుంది. మే 19 ఉదయం కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఆనంద్ సింగ్, ప్రతాప్‌గౌడ పాటిల్ సభలో కనబడలేదు. 221లో ఇద్దరు తగ్గితే 219, గీత 110. ఇంకా ఆరుగురు దొరకాలి. మధ్యాహ్నానికి ఆ ఇద్దరూ వచ్చేశారు. ఓటింగుకు ముందే యడ్యూరప్ప ప్రసంగించి రాజీనామా చేశారు. మే 23న కుమారస్వామి ప్రమాణం చేశారు. 25న స్పీకరుగా రమేష్ కుమార్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు, అదే రోజు బీజేపీ వాకౌట్ చేయగా విశ్వాస తీర్మానం 117 మంది మద్దతుతో గెలిచింది. ముందే రాసుకున్న లెక్క అక్షరాలా వచ్చింది.

ఓటు ఎలా తీసుకుంటారన్నది కూడా తేలిక విషయం కాదు. 2014 నవంబరులో మహారాష్ట్రలో 122 సీట్లే గెలిచి మైనారిటీలో ఉన్న ఫడ్నవీస్ ప్రభుత్వం మూజువాణి ఓటుతో నెగ్గింది. ఎవరు ఎటున్నారో ఎక్కడా నమోదు కాలేదు. ఇప్పుడు కోర్టులు బలపరీక్షకు ఆదేశిస్తే రహస్య ఓటింగు వద్దని, ప్రసారం చేయాలని కూడా చెబుతున్నాయి. 2019 నవంబరు 26 ఉత్తర్వు అలాంటిదే. మర్నాడు సాయంత్రం ఐదింటికల్లా బహిరంగ ఓటు అనగానే ఫడ్నవీస్ అదే రోజు తప్పుకున్నారు.

విప్, అంటే ఓటు ఎటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం విషయంలో జరిగే పొరపాట్లు ఎక్కువ. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం పార్టీ ఆదేశానికి వ్యతిరేకంగా ఓటేసినా, అనుమతి లేకుండా ఓటు వేయకపోయినా సభ్యత్వం పోవచ్చు, పదిహేను రోజుల్లోపు పార్టీ క్షమిస్తే తప్ప. విప్ అందిందని రుజువుండాలి కాబట్టి సంతకం తీసుకుంటారు, ఇంటి తలుపుకు అంటిస్తారు. కూటమికి ఉమ్మడి విప్ ఉండదు, ఏ పార్టీ విప్ ఆ పార్టీదే. ఎన్నికల ముందు పొత్తైనా చట్టం దృష్టిలో అవి వేర్వేరు పార్టీలే. ఇండిపెండెంటుకు విప్పే లేదు. మంత్రి అయినా, మద్దతు మార్చినా ఆయనకు ఏమీ కాదు, ఏదైనా పార్టీలో చేరితేనే వేటు.

పదవుల పంపకం

కర్ణాటకలో 115 మందిలో కాంగ్రెస్‌వారు 78, అంటే మూడింట రెండు వంతులు. మంత్రి పదవులు కూడా అదే నిష్పత్తిలో 22–12గా పంచుకున్నారు. ముఖ్యమంత్రి పదవి మాత్రం చిన్న భాగస్వామికి వెళ్లింది. దీన్ని త్యాగమని ఒకరు, దోపిడీ అని ఇంకొకరు అన్నారు. అసలు కారణం ఇంకా సాదా. జేడీఎస్ ముందు రెండు తలుపులున్నాయి, కాంగ్రెస్‌కు ఒక్కటే. జేడీఎస్ అటు తిరిగితే బీజేపీకి 140 అవుతుంది. బేరంలో ధర నిర్ణయించేది సీట్ల సంఖ్య కాదు, ఇంకో దారి ఎవరికుందన్నదే. అదే జేడీఎస్ 2004లో కాంగ్రెస్‌తో, 2006లో బీజేపీతో కలిసి ప్రభుత్వాల్లో ఉంది. 2006 ఒప్పందంలో చెరో ఇరవై నెలలు అనుకున్నారు. వంతు వచ్చినప్పుడు కుర్చీ వెంటనే చేతులు మారలేదు, చివరికి 2007 నవంబరులో యడ్యూరప్ప వారం రోజులే ముఖ్యమంత్రిగా ఉన్నారు. వంతుల ఒప్పందాల్లో రెండో వంతువాడి చేతిలో మాట తప్ప మరే హామీ ఉండదు.

ఇదే తూకంతో మన వైపు చూస్తే కొన్ని భ్రమలు తొలగుతాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 175లో 135 వచ్చాయి. జనసేనకు 21, బీజేపీకి 8. అంకెల ప్రకారం ఆ ఇద్దరి మద్దతు అవసరమే లేదు, అక్కడ నడుస్తున్నది రాజకీయ సఖ్యత. ఢిల్లీలో బీజేపీకి 240, కూటమికి 293. తెలుగుదేశం 16 మంది తప్పుకున్నా 277 మిగులుతాయి, గీత 272. జేడీయూ 12 కూడా పోతేనే 265కు పడుతుంది. ప్రభుత్వం తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉందన్న మాట కూడికల దగ్గర నిలవదు.

మంత్రుల సంఖ్యకు 2003 నాటి 91వ సవరణ పరిమితి పెట్టింది. సభలో 15 శాతం, కనీసం 12. కర్ణాటకకు ముఖ్యమంత్రితో కలిపి 34, ఆంధ్రప్రదేశ్‌కు 26, తెలంగాణకు 18. బేరం కుదిరిన 117 మందిలో 83 మందికి మంత్రి పదవి రాదు. వారికి బోర్డులు, కార్పొరేషన్లు చూపిస్తారు. పార్లమెంటరీ కార్యదర్శుల దారిలో పరిమితిని దాటబోతే కోర్టులు అడ్డుకున్నాయి. తెలంగాణలో 2014 చివర ఆరుగురిని అలా పెడితే మరుసటి ఏడాది హైకోర్టు ఆపింది.

బెంగళూరులో మే 23న ప్రమాణం చేసింది ముఖ్యమంత్రి, ఉప ముఖ్యమంత్రి జి. పరమేశ్వర ఇద్దరే. శాఖల పంపకం జూన్ 1న కుదిరింది, విస్తరణ 6న జరిగింది. ఆర్థికశాఖ దగ్గర పీటముడి పడింది. చివరికి ఆర్థికం జేడీఎస్‌కు, హోం కాంగ్రెస్‌కు. ముఖ్యమంత్రి ఐదేళ్లూ కుమారస్వామే, లోక్‌సభ ఎన్నికల్లో కలిసి పోటీ, కాంగ్రెస్ నేత, మాజీ ముఖ్యమంత్రి సిద్ధరామయ్య అధ్యక్షతన సమన్వయ సంఘం అని ఒప్పుకున్నారు. ఉమ్మడి కార్యక్రమం రాసే పని తర్వాతికి వదిలారు. ఎద్దుల ముందు బండి కట్టినట్టయింది. ఫిబ్రవరిలో సిద్ధరామయ్య పెట్టిన బడ్జెట్ ఉండగా కొత్తది ఎందుకని కాంగ్రెస్ ఒకవైపు, తన ఎన్నికల వాగ్దానమైన రుణమాఫీ చేయాలని ముఖ్యమంత్రి మరోవైపు నిలిచారు. జులై 5న కొత్త బడ్జెట్ వచ్చింది, 34,000 కోట్ల మాఫీ ప్రకటనతో. కార్యక్రమం ముందే రాసి ఉంటే ఆ గొడవ ప్రమాణానికి ముందు నాలుగు గోడల మధ్య ముగిసేది.

కూలిన తీరు

పై స్థాయిలో కుదిరిన పొత్తు కింద కుదరలేదు. పాత మైసూరు ప్రాంతంలో కాంగ్రెస్‌కు అసలు ప్రత్యర్థి జేడీఎస్సే. సిద్ధరామయ్యను చాముండేశ్వరిలో 36 వేలకు పైగా ఓట్లతో ఓడించిన జి.టి. దేవేగౌడ ఈ ప్రభుత్వంలో మంత్రి, సమన్వయ సంఘానికి అధ్యక్షుడు సిద్ధరామయ్య. 2019 లోక్‌సభ ఎన్నికల్లో కలిసి పోటీ చేస్తే 28లో కాంగ్రెస్‌కు ఒకటి, జేడీఎస్‌కు ఒకటి వచ్చాయి. మండ్యలో ముఖ్యమంత్రి కుమారుడు, తుమకూరులో ఆయన తండ్రి, మాజీ ప్రధాని దేవెగౌడ ఓడిపోయారు. రెండు పార్టీల ఓట్లు కూడలేదు.

ఆ జులైలో కూటమి ఎమ్మెల్యేల రాజీనామాలు మొదలయ్యాయి. ఫిరాయింపుల చట్టంలోని సందు ఇక్కడే ఉంది. పార్టీ మారాలంటే మూడింట రెండు వంతులు కలిసి విలీనం కావాలి. కాంగ్రెస్ 78లో అది 52 మంది, అసాధ్యం. చిన్న పక్షాల్లో ఇది తేలిక. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ పక్షం అలాగే విలీనమైంది. గెలిచింది 19 మంది, ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎంపీ అయి రాజీనామా చేయడంతో 18 అయ్యారు, కావలసింది 13 నుంచి 12కు తగ్గింది, సరిగ్గా 12 మంది వెళ్లారు. నెల తర్వాత గోవాలో 15 మందిలో 10 మంది. పెద్ద పక్షంలో విలీనం కుదరకపోతే రాజీనామా చేస్తారు. రాజీనామాను చట్టం శిక్షించదు. 2008లోనే దీనికి ‘ఆపరేషన్ కమల’ అని పేరొచ్చింది.

లెక్క ఇలా పనిచేస్తుంది. 224లో గీత 113. పదిహేడు మంది తప్పుకుంటే 207, గీత 104. అప్పటికి బీజేపీ బలం 105. ఒక్క మనిషిని తనవైపు తిప్పుకోకుండానే మెజారిటీ వచ్చేస్తుంది. రాజీనామాలు ఆమోదించకుండా స్పీకరు ఆలస్యం చేశారు. వాటిపై నిర్ణయం స్పీకరుదేనని, అయితే సభకు రమ్మని వారిని బలవంతపెట్టకూడదని జులై 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రెండో మాటతో విప్ కోరలు ఊడాయి. 18న మొదలైన విశ్వాస తీర్మానంపై చర్చ 23 దాకా సాగింది, గవర్నరు పెట్టిన రెండు గడువులూ దాటిపోయాయి. వరుసల వారీగా తలలు లెక్కపెడితే 99–105. మాయావతి చెప్పినా రాని బీఎస్పీ సభ్యుణ్ని ఆ రాత్రే పార్టీ నుంచి తీసేశారు. జనవరిలో మద్దతు ఉపసంహరించుకుని, జూన్‌లో మంత్రులై, జులైలో మళ్లీ అవతలికి వెళ్లిన ఇద్దరూ మొదట్లో 115ను 117 చేసినవారే.

ఓడిపోతామని తెలిసినా కుమారస్వామి ఓటింగుదాకా కూర్చున్నారు. 2022లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే అలా చేయలేదు, బలపరీక్షకు ముందే రాజీనామా చేశారు. గవర్నరు బలపరీక్షకు పిలవడం సరైంది కాదని 2023 మేలో సుప్రీంకోర్టు తేల్చినా, స్వయంగా తప్పుకున్న ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టలేమంది. విప్‌ను నియమించాల్సింది శాసనసభా పక్షం కాదు, రాజకీయ పార్టీ అని అదే తీర్పు చెప్పింది. అప్పటికి పది నెలలు దాటిపోయాయి, ఠాక్రే స్థానంలో వచ్చిన శిందే ప్రభుత్వం నడుస్తూనే ఉంది.

కర్ణాటకలో పదిహేడు మందిపై స్పీకరు వేటు వేస్తూ, సభ గడువు ముగిసేదాకా పోటీ చేయకూడదన్నారు. 2019 నవంబరు 13న సుప్రీంకోర్టు అనర్హతను నిలబెట్టి, పోటీ మీద నిషేధాన్ని కొట్టేసింది. డిసెంబరు 5న 15 చోట్ల ఉప ఎన్నికలు జరిగితే బీజేపీ 12 గెలిచింది. గెలిచినవారిలో 11 మంది పాత ఫిరాయింపుదారులు. వారిలో 10 మంది 2020 ఫిబ్రవరి 6న మంత్రులుగా ప్రమాణం చేశారు.